రోజుకు ఐదు గోలీలు

ఆకుపచ్చ తెర వెనక డాక్టరమ్మ గొంతు వినిపిస్తోంది కానీ మాటలు తెలియడం లేదు. లోపలికి వెళ్ళాల్సిన వాళ్ళు ఇంకా నలుగురున్నారు, అందరికంటే చివర గురులింగప్ప. ఒక్కొక్కరికి పావుగంట అనుకున్నా ఇంకో గంట. ఈ గంట గడిస్తే చాలు, అడిగినదానికి ఏదో ఒకటి చెప్పి లేచి ధాన్యం గంజుకు వెళ్ళిపోవచ్చు. అక్కడ కాంటా ఉంది, బస్తాలున్నాయి, చేతులకు పని ఉంది. ఆషాఢం మొదలైనా వాన సరిగ్గా పడలేదు, పొద్దున ఓ జల్లు కొట్టి ఆగిపోయింది, దవాఖాన ముందరి ఎర్రమట్టి తడిసీ తడవనట్టుంది, దాని మీద కోళ్ళు నడిచిన గుర్తులు. ఆ గుర్తుల్నే చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తితే పక్కన కూర్చున్న పిల్ల కనబడుతుంది. ఆ పిల్ల దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తరవాత ఆ కొంగును విప్పి చూసుకుని, మళ్ళీ మడిచి ఒళ్ళో దాచుకుంటోంది. ఏం చూసుకుంటోందో అతనికి తెలుసు. తన భార్య గిరిజమ్మ కూడా అలాగే చూసుకునేది. నర్సమ్మ చెప్పిన న్యాల్‌కల్ నాగవ్వ అంటే ఈ పిల్లే అయి ఉండాలి, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయేమో, ముక్కుపుల్ల కూడా ఇంకా కొత్తగానే ఉంది.

సోమవారం నర్సమ్మ అనంతమ్మ గంజు దాకా నడిచొచ్చింది. పదిహేడేళ్ళ నుంచి గురులింగప్ప అక్కడ దడువాయి, రైతులు తెచ్చిన ధాన్యం తూచి అంకె అరిచి చెప్పే పని అతనిది. ఆమె తెల్లచీర చూసి హమాలీలు పక్కకు జరిగారు. "గురులింగప్పా, బుధారం నాడు పట్నం నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తది. నిన్ను జర రమ్మన్నది, గిరిజమ్మ సంగతి అడుగుతదంట," అంది. సచ్చిపోయినంక ఇంకేం సంగతి సిస్టరమ్మా, అన్నాడు తను, కాంటా ముల్లు మీంచి చూపు తియ్యకుండా. "గోలీలు ఏసినంక ఎన్నో రోజుకు నోరు పుండైంది, ఎన్నడు మూత్రం బందైంది, అంత రాసుకుంటదంట. న్యాల్‌కల్‌ల నాగవ్వ అని ఉన్నది, గా పిల్లకు గూడ గదే బీమారి, మూత్రపిండాలు గూడ గట్లనే కమ్‌జోర్. గిరిజమ్మకు సగం మందు గూడ పడలేదు గదా, అందుకని గా పిల్లకు పావే ఇస్తున్నరు. పావుతోని రోగం ఆగుతలేదు గురులింగప్పా. పెంచుదమంటే గిరిజమ్మ యాదికొస్తది, పెంచకుంటే గా పిల్ల దక్కేటట్టు లేదు." అలా చెప్పి, ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆ తరవాత తూచిన బస్తాల అంకెలు ఏం అరిచాడో గుర్తులేదు. గిరిజమ్మకు సగం మందు పడలేదు. ఆ మాట మూడు రోజులుగా చెవిలోనే ఉంది, స్నానం చేస్తున్నా, రొట్టె విరుస్తున్నా, మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నా.

తెర కదిలింది. ఒక ముసలామె బయటికి వచ్చింది, ఇంకొకరు లోపలికి వెళ్ళారు. ఇక ముగ్గురు. నాగవ్వ అతని వైపు తిరిగి, "కాకా, నీకేం బీమారి?" అని అడిగింది. నాకేం లేదు బిడ్డా, అన్నాడు. ఆమె కాసేపు అతని నుదుటి విభూతి చూసి, "నువ్వు గిరిజమ్మ పెనిమిటివి గదా? సిస్టరమ్మ చెప్పింది. నువ్వు మస్తు చాకిరి జేసినవంట, తల్లి గూడ గట్ల చెయ్యదంట," అంది. ఈ మాట కూడా ఐదు నెలలుగా వింటున్నాడు. గురులింగప్పలాంటి మొగుడు దొరకాలంటే పుణ్యం చేసుకోవాలి అని వీధిలో ఆడవాళ్ళు, నీ బాకీ ఏం లేకుండ తీర్చుకున్నవు అప్పా అని మఠం స్వామి. వాళ్ళు తిట్టినా బాగుండేది.

పెళ్ళైన పన్నెండేళ్ళకు నెల తప్పింది గిరిజమ్మ. బీదర్ దగ్గర ఆమె పుట్టిల్లు, కోపమొస్తే కన్నడంలో తిట్టేది, సంతోషమొచ్చినా కన్నడమే. ఆ రోజు మాత్రం ఏ భాషలోనూ ఏమీ అనకుండా పొయ్యి ముందు కూర్చుని నవ్వింది. మూడో నెలకే కడుపు ఐదో నెల అంత పెరిగింది, కవలలేమో అని ఇద్దరూ అనుకున్నారు, ఇద్దరికీ సరిపోయేలా ఉయ్యాల చేయించాలని కూడా అనుకున్నారు. ఒకరోజు పొద్దున్నే రక్తం. ఈ దవాఖానకే, ఈ వరండాకే ఎత్తుకొచ్చాడు. అనంతమ్మ లోపలికి తీసుకెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, పిండం లేదు గురులింగప్పా, ఉడికిన సగ్గుబియ్యం లెక్క బుడగలు, గుత్తులు గుత్తులు, అంది. బిడ్డ అసలే లేదా, చచ్చిపోయిందా అని అడిగాడు. చచ్చిపోయిందనుకుంటే ఏడవొచ్చు. అసలు లేనిదానికి ఎలా ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు. గిరిజమ్మ మాత్రం పదకొండు రోజులు పురుడు పాటించింది, ఎవరెన్ని చెప్పినా వినలేదు. రెండు నెలలకు మళ్ళీ రక్తం, తరవాత దగ్గు, దగ్గులో ఎర్ర చారలు. అనంతమ్మ చీటీ రాసిచ్చి పట్నం పొమ్మంది, ఆలస్యం చెయ్యకు అని రైలు దాకా తనే వచ్చింది.

పట్నంలో పెద్ద దవాఖాన, సున్నం వాసన, పొడుగాటి వార్డు, ఇనుప మంచాలు. డాక్టర్ సుందరీబాయి చెప్పిన మాటలు కొన్ని అర్థమయ్యాయి. ఆ బుడగల ముక్క ఒకటి లోపల మిగిలి క్యాన్సరుగా మారింది, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా పోయింది. కానీ భయపడకు, క్యాన్సర్లలో మందుబిళ్ళలకు లొంగేది ఇది, కొత్త మందొకటి వచ్చింది, అంది. రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి ఆమె మూత్రాన్ని ఒక మగ కప్పకు సూదితో ఎక్కిస్తారట, రోగం ఉంటే కప్పలో మార్పు కనబడుతుందట. ఆ సంగతి విని గిరిజమ్మ, "పాపం, గా కప్ప ఏం జేసింది?" అంది. నర్సులు నవ్వారు. పసుపురంగు చిన్న గోలీలు, రోజుకు పది, ఐదు రోజులు. రక్తం ఆగింది. దగ్గు తగ్గింది. నోరంతా పుండ్లు పడ్డాయి, పదిహేను రోజులు జావే తాగింది, పాదాలు వాచాయి, అయినా తేరుకుంది. అప్పుడే ఆ గాజు జాడీ ఇచ్చారు. ఒక పగలూ ఒక రాత్రీ ఆమె మూత్రమంతా దాంట్లో పోయాలి, ఒక్క చుక్క బయట పోవద్దు అని. ఆ పని నర్సుకు వదల్లేదు, తనే చేశాడు. జాడీ మీద గీతలున్నాయి, కొలిచేవాడికి గీతలంటే నమ్మకం. తెల్లారేసరికి రెండో గీత దాకా కూడా రాలేదు. పక్క మంచం ఆవిడది నాలుగో గీత దాటింది. అది చూశాడు, చూసి ఏమీ అనుకోలేదు. అదొక్కటే, తలుచుకున్నప్పుడల్లా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. తన చేతుల్తోనే పట్టుకుని, వెలుగుకు ఎత్తి చూశాడు, తక్కువ ఉందని తనే అందరికంటే ముందు చదివాడు.

రక్తంలో యూరియా అరవై ఎనిమిది అన్నారు, నలభై దాటొద్దట. వార్డు బయట నడవాలో డాక్టరమ్మ నడుస్తూనే చెప్పింది, అటు ఇంకో ఇద్దరు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. మందు లోపల పని చేసుకుని మూత్రంలో బయటికి పోవాలి గురులింగప్పా, ఈమె మూత్రపిండాలు దాన్ని పంపలేకపోతున్నాయి, ఇవ్వాళ వేసింది రేపటికీ లోపలే ఉంటుంది, దాని మీద రేపటిది పడుతుంది, అందుకని ఇకముందు పది వద్దు, రోజుకు ఐదే, ఈమెకు సగమే నిండు. అతను తలూపాడు. చేతులు కట్టుకుని తలూపాడు. లోపల మాత్రం గంజు మాట్లాడింది. సగమే నిండు. ఎంతమంది సేట్లు ఎంతమంది రైతులకు ఈ మాట చెప్పగా వినలేదు! తేమ ఉంది, తాలు ఉంది, నీకిదే నిండు తీసుకో అని. పక్క మంచం ఆవిడ తాసిల్దారు భార్య, ఆమెకు రోజుకు పది గోలీలు, మూడు విడతలు, ఆమె కప్ప మారలేదని చెప్పి పూలు పెట్టుకుని ఇంటికి పోయింది. ఆమెకు పది, గిరిజమ్మకు ఐదు. ఆమె మొగుడు కుర్చీలో కూర్చుంటాడు, తను నేల మీద కూర్చుంటాడు. అంతకు నాలుగేళ్ళ కింద సేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు, తూకం తగ్గించి మోసం చేస్తున్నారని కోహీర్ రైతులు కాంటా చుట్టూ మూగితే, తూకం బాట్లు మారితే ధాన్యం తగ్గదయ్యా, కొలత వేరు అంతే అని గొంతు పోయేలా నచ్చజెప్పింది తనే. తన ఇంటి దాకా వచ్చేసరికి ఆ బుద్ధి ఎటు పోయింది? అడగొచ్చు కదా. ఆమెకు పది, మాకు ఐదెందుకు అని ఒక్కమాట అడిగితే ఆమె నిలబడి చెప్పేది. పెద్దవాళ్ళను అడిగితే కోపం చేస్తారని, ఆ ఐదు కూడా ఇవ్వరని భయం.

రెండు విడతలకు కలిపి యాభై గోలీలు ఒకే సీసాలో ఇచ్చారు. ఇప్పుడు ఐదు రోజులు, ఇరవై ఐదు. మూడు వారాలు ఆగి, అనంతమ్మ నోరూ మూత్రమూ చూసి సరే అంటే మిగిలిన ఇరవై ఐదు. మాటిమాటికి పట్నం రావడం కష్టమని డాక్టరమ్మ దయతలిచింది. రైల్లో గిరిజమ్మ కిటికీ పక్కన కూర్చుంది, కోహీర్ స్టేషన్లో జాంపండు కావాలంది, గింజలు నోట్లో గుచ్చుకుంటయ్ అంటే కూడా వినలేదు, కొంచెం కొరికి మిగిలింది అతని చేతిలో పెట్టి, తియ్యగుంది తిను అంది. ఆమె చెంపలు అప్పటికి మళ్ళీ కాస్త నిండాయి. సీసా అతని అంగీ జేబులో ఉంది. రైలు ఊగినప్పుడల్లా గోలీలు గలగలమనేవి. ఆ చప్పుడు వింటూ లెక్క వేసుకున్నాడు. పది వేసినప్పుడు రక్తం ఆగింది, దగ్గు తగ్గింది. పుండ్లు తాసిల్దారు భార్యకూ పడ్డాయి, ఆమె బతికింది. సగం మందుకు సగం రోగమే పోతుంది, మిగిలిన సగం మళ్ళీ పెరుగుతుంది. సీసాలో యాభై ఉన్నాయి, యాభై అంటే పది చొప్పున ఐదు రోజులు. ఎంత చక్కగా సరిపోయింది! దేవుడే అలా సర్ది ఇచ్చాడనుకున్నాడు. జహీరాబాద్ స్టేషన్లో దిగి ఆమెను జట్కా ఎక్కించేటప్పటికే నిర్ణయం అయిపోయింది.

తెర మళ్ళీ కదిలింది. ఒకరు వచ్చారు, ఒకరు వెళ్ళారు. ఆ తరవాత నాగవ్వ, నాగవ్వ తరవాత తను. నాగవ్వ కొంగు విప్పి చూసుకుంది, ఈసారి దాచుకోవడం మరిచిపోయింది, అతనూ చూశాడు. "పావు గోలీలు ఏస్కుంటున్న కాకా. రెండున్నర. గా సగం ముక్కను సిస్టరమ్మ బ్లేడుతోని కోసి ఇస్తది. నాకు నోరు గూడ పుండు కాలేదు, అన్నం మంచిగనే తింటున్న. కాని గీ దగ్గే పోతలేదు," అంది, అదేదో తన తప్పయినట్టు. ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. "రెండేండ్ల పిల్ల ఉన్నది. మా అత్త దగ్గర ఇడిసిపెట్టొచ్చిన. పాలు బందుజేయమన్నరు గదా, నన్ను జూస్తే ఏడుస్తదని మొగులు తెల్లారకముందే బండెక్కిన," అంది. ఆ తరవాత ఇద్దరూ కోళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఐదు రోజులు. మొదటి మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు, నోరు మండుతున్నది అంది. ఐదో రోజు పొద్దున నాలుక ఎర్రగా, చిలక ముక్కులా ఉంది, అయినా ఆ రోజువి కూడా వేశాడు. చివరి పది. ఇవి కూడా వేస్తే అయిపోతుంది, మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అనుకున్నాడు. ఏడో రోజుకు పెదవుల చర్మం ఊడింది, నీళ్ళు మింగితే కళ్ళ వెంట ధారలు. ఒంటి మీద కందిగింజలంత ఎర్రమచ్చలు. జ్వరం. మూత్రం పొద్దున ఒకసారి, అదీ చిక్కటి టీ నీళ్ళలా, ఆ తరవాత అదీ లేదు. అనంతమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె చూసి, "ఎన్ని ఏసినవ్?" అని అడిగింది. అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు చెబితే విరుగుడు ఏదో ఉండేదేమో, ఆలస్యం కాకుంటే పనిచేసేదేమో, అది తెలుసుకోవడానికి కూడా ధైర్యం లేదు. ఐదే సిస్టరమ్మా, అన్నాడు. నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది. తూకంలో ఒక్క అంకె తప్పు చెప్పనివాడు, ఐదే అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఊరంతా నమ్మే నోరు అది. సెలైన్ ఎక్కించారు, పట్నం తీసుకుపోవాలన్నారు, మోటారు దొరికేసరికి గిరిజమ్మ మనిషిని గుర్తుపట్టడం మానేసింది. పదకొండో రోజు మధ్యాహ్నం, గంజులో కందుల బస్తాలు కొండలా పడి ఉన్న రోజుల్లో, ఆ లోపలి గదిలో, ఇప్పుడు డాక్టరమ్మ కూర్చున్న గది పక్క గదిలో పోయింది. తమ ఆచారం ప్రకారం గోతిలో కూర్చోబెట్టారు, నుదుట విభూతి పెట్టి, ఎడమచేతిలో లింగం ఉంచి. ఆమె పెదవులు కనబడకుండా చూడమని స్వామిని బతిమాలుకున్నాడు. స్వామి తెల్లగుడ్డ పైకి లాగాడు. మిగిలిన గోలీలు ఏవి అని వారం తరవాత అనంతమ్మ అడిగితే, గిరిజమ్మ బట్టలతోపాటు పోయాయన్నాడు. ఖాళీ సీసాను మొగుడంపల్లి దారిలో ఒక పాడుబావిలో పడేసి వచ్చాడు.

అన్నీ తనకు తనే చెప్పుకున్నాడు ఈ ఐదు నెలలూ. రోగం ఎలాగూ చంపేదే. ఐదు వేసినా ఇలాగే అయ్యేదేమో. గిరిజమ్మ పోయినప్పుడే సిస్టరమ్మ కూడా అదే అందిగా, సగం కూడా పడలేదని. ఆ మాటలో ఎంత నిద్ర ఉందో అతనికే తెలుసు, కొన్ని రోజులు ఆ మాట తలకింద పెట్టుకునే పడుకున్నాడు. ఇప్పుడు ఆ మాటే ఈ పిల్లను తింటోంది. తను చెప్పిన ఐదు, డాక్టరమ్మ పుస్తకంలోకి ఎక్కింది, అక్కడి నుంచి ఈ పిల్ల చీటీలోకి వచ్చి రెండున్నర అయింది. లోపలికి వెళ్ళి మళ్ళీ ఐదే అంటే అది అలాగే ఉంటుంది, ఈ పిల్ల తరవాత ఇంకొకరికి, ఆ తరవాత ఇంకొకరికి. చెబితే ఏం చేస్తారు? పోలీసును పిలుస్తారా? పిలవనీ. ఊరు ఏమంటుంది? గిరిజమ్మ అన్న బీదర్ నుంచి వచ్చి గల్లా పట్టుకుంటాడా? పట్టుకోనీ. కానీ చెప్పిన తరవాత ఇంటికి వెళ్ళి ఆ పొయ్యి ముందు ఒక్కడూ ఎలా కూర్చోవాలి, అది మాత్రం తెలియలేదు. ఇన్నాళ్ళూ దుఃఖంతో కూర్చున్నాడు. రేపటి నుంచి దుఃఖపడే హక్కు కూడా ఉండదు.

తెర పక్కకు జరిగింది. అనంతమ్మ చీటీల కట్ట పట్టుకుని, "నాగవ్వా, రా బిడ్డా," అని పిలిచింది. నాగవ్వ కొంగు సర్దుకుని లేవబోయింది. గురులింగప్ప అంతకంటే ముందు లేచాడు. "సిస్టరమ్మా, నన్ను ముందుగాల పంపు."

"ఎందుకు, గంజుకు టైమైందా? గీ పిల్లది అయిపోనీ, నీది ఒక్క నిమిషమే గదా."

"కాదమ్మా. గా పిల్ల లోపలికి పోకముందే చెప్పాలె."

అనంతమ్మ అతని ముఖం చూసింది. ఆమె ఏం చూసిందో కానీ తెర ఎత్తి పట్టుకుంది.

డాక్టర్ సుందరీబాయి అప్పటికంటే చిక్కిపోయి ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, కూర్చో గురులింగప్పా, అని కుర్చీ చూపించింది. బల్ల మీద ఒక కాగితంలో గిరిజమ్మ పేరు ఉంది, దాని కింద గీతలూ అంకెలూ. "కష్టం పెడుతున్నాననుకోకు. ఐదు గోలీలు మొదలుపెట్టిన ఎన్నో రోజుకు..." అని మొదలుపెట్టింది. కుర్చీ వెనక నిలబడే అతను అన్నాడు. "ఐదు కాదమ్మా. పది ఇచ్చిన. ఐదు రోజులు, రోజుకు పది. సీసా ఖాళీ చేసిన. సిస్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పిన." అంతా ఒకే ఊపిరిలో వచ్చింది, గంజులో అంకె అరిచినట్టు కొంచెం గట్టిగానే వచ్చింది. వెనకాల అనంతమ్మ చేతిలోని చీటీలు కింద పడ్డాయి. ఎవరూ వాటిని ఎత్తలేదు.

డాక్టరమ్మ కాగితం మీది అంకెల వైపు చూసింది. "ఎందుకు?" అంది. మా పక్క మంచం ఆమెకు పది ఇచ్చిన్రు, మాకు సగమిచ్చిన్రు, మమ్ముల తక్కువ జూసిన్రనుకున్న, అన్నాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుంది. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు గురులింగప్పా. మూత్రపిండాలు ఇంత చెడితే ఇంత మందు అని ఎవరూ రాసి పెట్టలేదు. ఒక మనిషిని చూసి ఇంకో మనిషికి ఇస్తున్నాను. సగం అని రాసింది నేను. సగంతో ఆమె పోయిందని విన్నప్పటి నుంచి, నా చేత్తోనే..." అని ఆగిపోయింది. నడవాలో నడుస్తూ చెప్పిన మనిషి, ఇప్పుడు కదలకుండా కూర్చుని ఉంది. తనలాగే ఈమె కూడా ఐదు నెలలు ఆ కాగితంతో పడుకుందని అతనికి అప్పుడు తట్టింది. తను దాచుకున్న తప్పును ఇంకొకరు మోస్తున్నారు, ఆ సంగతి తనకు తెలియనే తెలియదు. "మీ తప్పు లేదమ్మా," అన్నాడు. ఆ మాట ఆ గదిలో తను చెప్పగలిగిన ఒకే ఒక్క మంచి మాట.

తరవాత ఆమె అడిగింది, అతను చెప్పాడు. నాలుగో రోజు మంట, ఐదో రోజు నాలుక, ఏడో రోజు పెదవులు, ఎనిమిదో రోజు మూత్రం. ఆమె ఐదును కొట్టేసి పక్కన పది రాసింది, కింద తేదీలు రాసింది. అనంతమ్మను పిలిచి, నాగవ్వ యూరియా కూడా అరవై దగ్గరే కదా, ఇవాళ్టి నుంచి రోజుకు ఐదు, ఐదు రోజులు, ఇక్కడే మంచం మీద ఉంచు, గోలీలు నీ చేత్తో నువ్వే వెయ్యి, సీసా ఇంటికి ఇవ్వొద్దు, రోజూ మూత్రం కొలువు, సగానికి పడిపోతే ఆ క్షణమే ఆపి నాకు తంతి కొట్టు, అంది. అనంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ అలాగే అంది. అతని వైపు మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడం ఆ తరవాత కూడా చాలాకాలం ఉంది. నాగవ్వకు నోరు పుండైంది, తగ్గింది, మళ్ళీ అయింది, మళ్ళీ తగ్గింది. ఐదు విడతలు పట్టింది. దీపావళి దాటాక ఆమె కప్ప మారలేదని పట్నం నుంచి కార్డు వచ్చింది. పిల్లను చంకనెత్తుకుని ఆమె ఒకసారి గంజు ముందు నుంచి వెళుతూ కాకా అని పిలిచింది, అతను బస్తాల వెనక్కి తప్పుకున్నాడు. పోలీసులెవరూ రాలేదు. గిరిజమ్మ అన్నకు తనే బీదర్ వెళ్ళి చెప్పాడు, అతను తలుపు వేసుకున్నాడు.

కానీ అవన్నీ తరవాత. ఆ పూట ఆ గదిలో, రాయడం అయిపోయాక డాక్టరమ్మ కలం మూత పెట్టి, కాగితానికి అవసరం లేని ప్రశ్న ఒకటి అడిగింది. "సీసా ఇచ్చినప్పుడు రోజుకు ఐదేనని గిరిజమ్మకు కూడా చెప్పాను. నువ్వు పది ఇస్తుంటే ఆమె ఏమీ అడగలేదా?"

ఈ గంటసేపూ, ఈ ఐదు నెలలూ, ఎన్నింటిని తలుచుకున్నా ఆ ఒక్క పొద్దును పక్కకు జరుపుతూనే వచ్చాడు. తప్పుకోవడానికి ఇక చోటు లేదు. తలుపు దగ్గర ఎండ, చాప మీద లేచి కూర్చున్న ఆమె, జుట్టు అప్పటికే పలచబడి, మెడలో నల్లపూసలు వదులుగా. తన అరచేతిలో పది పసుపు గోలీలు. ఆమె వాటిని ఒక్కొక్కటే చూసింది, పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంది. తరవాత తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. భయం లేదు, అనుమానం లేదు. అతను బతిమాలుతున్నట్టు నిలబడి ఉంటే, చిన్నపిల్లవాడి మాట కాదనలేనట్టు చెయ్యి చాపింది.

"చూసిందమ్మా. పదీ లెక్కవెట్టుకున్నది," అన్నాడు గురులింగప్ప. "ఏం అడగలే. గిన్ని గోలీలా, అయితే చెంబు నిండ నీళ్ళు పట్కరా అన్నది."

కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకున్నాడు.

"తెచ్చిచ్చిన, అమ్మా."